హైమన్ ఎందుకు వెళ్లిపోయాడు

(మిసిసాగాలో దీపావళి సభలో చేసిన ప్రసంగం, 2025)

వేదిక మీదున్న పెద్దలకు, తెలుగు బడి టీచర్లకు, చలిలో పిల్లల్ని తీసుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలకు ఆటలెందుకు ముఖ్యమో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. హెల్మెట్లు, స్కేట్లు ఎలా కొనాలో రాసుకుని వచ్చాను. కానీ ఇందాక వెనక వరసలో ఇద్దరబ్బాయిలు, మన టొరంటో ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్‌ని వదిలి వెళ్లిన మార్నర్ గురించి, "మార్నర్ డబ్బు కోసం పోయాడు" అంటుంటే విన్నాను. అందుకని ఆ కాగితం జేబులోనే ఉంచుతున్నాను.

నేను టొరంటోలో దిగింది 2004లో. ఊరంతా హాకీ అంటారు, టీవీ పెడితే హాకీ లేదు. జీతాలకు పరిమితి కావాలని యజమానులు, వద్దని ఆటగాళ్లు పట్టుబట్టడంతో ఆ సీజన్ మొత్తం పోయింది. చివరికి ఆటగాళ్లే దిగొచ్చారు. అలా వచ్చిందే శాలరీ క్యాప్. మొదటి ఏడాది జట్టుకు 39 మిలియన్ డాలర్లు, 2025-26లో 95.5. గాయపడ్డవాళ్ల లెక్క పక్కన పెడితే, యజమాని ఎంత డబ్బున్నవాడైనా అది దాటడానికి లేదు. ఐపీఎల్ వేలంలో పర్సు ఉంటుంది కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఒప్పందాలు ఏడేళ్లు, ఎనిమిదేళ్లు నడుస్తాయి. మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు ఏటా లెక్కలో పడుతుంది.

2018 జులై 1న లీఫ్స్‌లోకి టవారెస్ వచ్చాడు. మన మిసిసాగాలోనే పుట్టినవాడు. చిన్నప్పుడు లీఫ్స్ దుప్పట్లో పడుకున్న ఫొటో పెట్టి మరీ వచ్చాడు. ఏడేళ్లకు 77 మిలియన్లు, అంటే ఏడాదికి 11. మా వీధిలో పండగే. కానీ బయటి జట్టు నుంచి వచ్చినవాడికి 11 ఇచ్చాక మన జట్టులోనే పెరిగిన మాథ్యూస్ తక్కువ ఎందుకు అడుగుతాడు? అతనికి 11.6. మార్నర్‌కి 10.9. అంతకుముందే నైలాండర్‌కి దాదాపు 7. కూడి చూడండి, నలభైన్నర. 2019-20లో క్యాప్ 81.5. నలుగురికి సగం, మిగతా పందొమ్మిది మందికి సగం. క్యాప్ పెరుగుతూ ఉంటుందనుకుని రాసిన ఒప్పందాలవి. కోవిడ్ వచ్చింది, స్టేడియాలు మూతబడ్డాయి, మూడు సీజన్లు ఆ 81.5 కదల్లేదు.

ఇక ఎవరెవరు పోయారో చెప్తాను. మార్లో అనే ఆటగాడి జీతం 6.25 మిలియన్లు వదిలించుకోవడానికి ఎదురు కట్నంగా మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కు, అంటే కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు కూడా కరోలైనా జట్టుకి ఇచ్చేశారు. ఆ హక్కుతో వాళ్లు సెత్ జార్విస్‌ని తెచ్చుకున్నారు. తర్వాత కాద్రీ. 4.5 మిలియన్లకే ఆడుతున్న సెంటర్, అంటే ముందు వరస మధ్యలో ఆడేవాడు. ప్లేఆఫ్స్‌లో వరసగా రెండేళ్లు సస్పెండ్ అయ్యాడు, కాబట్టి డబ్బొక్కటే కారణమని నేననను. కానీ 2022 స్టాన్లీ కప్ ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో, బొటనవేలికి ఆపరేషన్ అయిన చేత్తో, కొలరాడోకి ఓవర్‌టైమ్ గోల్ కొట్టాడు. కప్పు ఎత్తాడు. మనం 1967 నుంచి ఎత్తలేదు.

అధ్యక్షులవారూ, ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి. హైమన్ గురించి చెప్పకుండా దిగలేను.

మా అబ్బాయి గోల్స్ కొట్టేవాడు కాదు. మూలల్లోకి దూరి, దెబ్బలు తిని, పక్ (హాకీ బిళ్ల) తెచ్చి ఇంకొకరికి ఇచ్చేవాడు. ఒక కోచ్ "వీడున్నా లేకపోయినా ఒకటే" అని నాతో అన్నాడు. పక్కనే ఉన్న తొమ్మిదేళ్ల పిల్లాడు విన్నాడు. ఆ రాత్రి వాడు ఏడుస్తుంటే లీఫ్స్ మ్యాచ్ పెట్టి, వెనక్కి తిప్పి తిప్పి చూపించాను. మాథ్యూస్ గోల్ కాదురా, అంతకుముందు రింకు గోడల దగ్గర ఆ పక్ కోసం పెనుగులాడిందెవరో చూడు అన్నాను. హైమన్. మర్నాడే వాడికి పదకొండో నంబర్ జెర్సీ కావాల్సొచ్చింది.

2021 వేసవిలో హైమన్ ఎడ్మంటన్ జట్టుకు వెళ్లిపోయాడు. ఏడేళ్లు, ఏడాదికి 5.5. టొరంటో పిల్లాడే. అతనికి ఇవ్వడానికి ఆ 5.5 మన దగ్గర మిగల్లేదు. 2023-24లో అతను అక్కడ 54 గోల్స్ కొట్టాడు. "నాన్నా, మనకి అతను అక్కర్లేదా?" అని మా వాడు అడిగాడు. క్యాప్ లెక్క పిల్లాడికి ఏం చెప్పను?

అందుకే అబ్బాయిలూ, మీతో ఒక మాట. పిట్స్‌బర్గ్ జట్టు క్రాస్బీ 8.7 మిలియన్లకే ఏళ్ల తరబడి ఆడాడు, 2016లో, 2017లో కప్పు గెలిచాడు. అది గొప్ప మనసు. కానీ అందరూ అలా ఉండాలని ఎలా అడుగుతాం? ఇక్కడున్న పెద్దల్ని అడుగుతున్నాను. జీతం పెంచుతామంటే వద్దు, పక్క సీటు ఆయనకివ్వండి అన్నవాళ్లు చేతులెత్తండి. అందులోనూ ఒంటారియోలో పై స్లాబు పన్ను 53 శాతం దాటుతుంది. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఇరవై రెండేళ్ల మార్నర్ ఇస్తామన్నది తీసుకున్నాడు. హైమన్ కోసం, కాద్రీ కోసం ఎంత మిగలాలో కూడిక వేసుకోవాల్సింది సంతకం పెట్టించినవాళ్లు. ఒక్కొక్క ఒప్పందమూ విడిగా చూస్తే సబబే. నాలుగూ ఒకచోట పెట్టి ముందే చూసుకోవాల్సింది.

ఇప్పుడు మార్నర్ వేగాస్‌లో ఉన్నాడు, ఎనిమిదేళ్లకు, ఏడాదికి 12. వాళ్ల జట్టు టొరంటో వచ్చినప్పుడు మీలో టికెట్ దొరికినవాళ్లు అతన్ని హేళన చేయకండి. తొమ్మిదేళ్లు మన కోసం ఆడాడు.

హెల్మెట్ల కాగితం టీ టేబుల్ దగ్గర పెడుతున్నాను, కావాల్సినవాళ్లు ఫొటో తీసుకోండి. నమస్కారం.