వాసన వస్తోందని గెంటేశారు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, సంఘం కార్యవర్గానికి, పొద్దున్నుంచి ఉగాది పచ్చడి దగ్గర నిలబడ్డ మన ఆడపడుచులకు, మైకు సర్దిపెట్టిన అబ్బాయికి, నేపర్‌విల్ నుంచీ షాంబర్గ్ నుంచీ ఈ చలిలో కార్లు నడుపుకుంటూ వచ్చిన మీ అందరికీ పేరు పేరునా శుభాకాంక్షలు. నాకిచ్చిన అంశం వలస జీవితం, మాతృభాష. భాష గురించి నా తర్వాత మాట్లాడే అమ్మాయి చక్కగా చెబుతుంది. నేను ఒక బారు గురించి చెప్పాలి. ఉగాది పూట బారేమిటని ముందు వరసలో ఎవరో అన్నారు, నాకు వినిపించింది. కాస్త ఓపిక పట్టండి బాబూ, చెబుతాను.

మన చికాగోలో మిషిగన్ అవెన్యూ మీద నడవనివాళ్ళు మీలో ఉండరు. ఆ వీధి కింద ఇంకో వీధి ఉంది. 1920లో నది మీద వంతెన కట్టినప్పుడే రెండంతస్తులుగా కట్టారు. పైన షికారు, కింద సరుకు లారీలు. ఆ కింది వీధిలో, మిట్టమధ్యాహ్నం కూడా దీపాలు వెలిగే చోట, 1964 నుంచి ఉంది బిల్లీ గోట్ టావెర్న్. పక్కనే ట్రిబ్యూన్ పత్రికవాళ్ళ టవర్. వీధి దాటి నది వెంట నాలుగడుగులు వేస్తే అప్పట్లో సన్‌టైమ్స్ పత్రిక భవనం. అచ్చాఫీసుల్లో పనిచేసేవాళ్ళూ విలేకరులూ పని అయ్యాక దిగేది అక్కడికే. మన ఊళ్ళో కల్లుపాక ఎలాంటిదో ఇదీ అలాంటిదే. గోడల నిండా పాత పేపరు కత్తిరింపులు.

పెట్టినాయన విలియం సియానిస్, గ్రీసు నుంచి వచ్చినవాడు. మద్యనిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాది, 1934లో, చికాగో స్టేడియం దగ్గర ఒక సారాకొట్టు కొన్నాడు. అదే తర్వాత ఈ కింది వీధికి మారింది. ఖరీదు 205 డాలర్లు. ఇచ్చిన చెక్కు చెల్లలేదట. మొదటి శనాదివారాల అమ్మకంతో ఆ బాకీ తీర్చాడట. లారీ మీంచి పడిన మేకపిల్ల ఒకటి కొట్లోకి వస్తే దాన్ని పెంచుకున్నాడు, తనూ మేకగడ్డం పెంచాడు, కొట్టు పేరూ బిల్లీ గోట్, అంటే మేకపోతు, అని మార్చాడు. ఇవన్నీ ఆ బారువాళ్ళు చెప్పుకునే కథలు.

మేక కథ మీకు తెలుసు. 1945 అక్టోబర్ 6, మన బేస్‌బాల్ జట్టు కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్, ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో నాలుగో ఆట. తనకొక టికెట్, మేకకొక టికెట్ కొనుక్కుని వెళ్ళాడు. వాసన వస్తోందని ఇద్దరినీ బయటికి పంపారు. కబ్స్‌కి శాపం పెట్టాడు. ఆ సిరీస్ ఓడారు, మళ్ళీ 2016 దాకా వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. ఆ ఏడాది గెలిచినప్పుడు మన పిల్లలు కూడా మేక ముసుగులు వేసుకుని గెంతారు.

పిల్లలూ, ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టండి. ఈ ముక్క మీకోసమే. మైక్ రాయ్‌కో అని ఒక కాలమిస్టు ఉండేవాడు. 1972లో పత్రికా రచనకిచ్చే పెద్ద బహుమతి, పులిట్జర్, వచ్చినవాడు. ఆ బారులో రోజూ కూర్చునేవాడు, బారు యజమానులకు స్నేహితుడు. అంతటివాడు 1997 మార్చిలో, చనిపోయే ముందు రాసిన ఆఖరి కాలమ్‌లో ఏం రాశాడంటే, కబ్స్‌ని ముంచింది మేక కాదు, జట్టు యజమాని రిగ్లీ. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లోనే పెద్ద జట్ల ఆటలోకి వచ్చాడు. కబ్స్ మాత్రం 1953 సెప్టెంబరు దాకా ఒక్క నల్లజాతి ఆటగాణ్ణీ మైదానంలోకి దించలేదు. గొప్ప ఆటగాళ్ళు కళ్ళెదుట ఉంటే వద్దనుకున్నారు. మేక కథ అందరికీ వచ్చు, ఈ కథ ఎవరికీ రాదు. నలభై ఏళ్ళుగా నా బాధ ఇదే.

నలభై ఏళ్ళని ఎందుకన్నానంటే, 1985 జనవరి. నది దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. ఆ రోజు నేనుండే అపార్ట్‌మెంట్ మేనేజరు పిలిచి, నీ తిరగమాత వాసన నడవంతా పడుతోంది, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. వేసింది ఇంగువే నాయనా, ఇంకేం వేశాను? ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. చలికి ఆగలేక ఆ బారు మెట్లు దిగాను. చేతిలో డబ్బులు అంతంతమాత్రం. చిప్స్ తీసుకుని బల్ల చివర కూర్చున్నాను.

పక్కన ఒక పెద్దాయన. అచ్చు యంత్రం దగ్గర పని. ఆయన దగ్గర్నుంచి సిరా వాసన. మా నాన్న బెజవాడలో కంపోజిటరు. కిరసనాయిలుతో ఎంత రుద్ది కడిగినా ఆయన చేతుల్లో అదే వాసన ఉండేది, ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు. వేల మైళ్ళ దూరంలో, నేల కింద, ఆ వాసన తగిలేసరికి నాకు ఏడుపొచ్చింది. ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, "ముప్ఫై ఏళ్ళుగా ఇది వదల్లేదు. ఇక్కడ నన్ను లెమ్మన్నవాడు లేడు," అన్నాడు.

అంతే. మళ్ళీ ఆయన కనబడలేదు.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. ఆ బారు మీద 1978లో టీవీలో జాన్ బెలూషీ వేసిన హాస్య నాటిక ఉంది. సన్‌టైమ్స్ భవనం కూల్చేస్తే అక్కడ ట్రంప్ టవర్ లేచింది. ట్రిబ్యూన్ కూడా 2018లో తన టవర్ వదిలి వెళ్ళింది. రాసినవాళ్ళు వెళ్ళిపోయారు, బారు ఉంది. వాటి సంగతి ఇంకోసారి.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. మన సంఘం వాట్సాప్‌లో గదుల అద్దె ప్రకటనలు వస్తాయి. పోయిన నెలలోనే మూడు చూశాను. "నీచు వండేవాళ్ళకు ఇవ్వబడదు." ఫోన్ చేస్తే మీరేమిట్లు అని అడుగుతున్నారట. చదువుకోవడానికొచ్చిన పిల్లవాడొకడు నాతో చెప్పాడు. వాడి గొంతు విన్నాక ఈ ప్రసంగం తప్ప వేరే ప్రసంగం నా నోటికి రాలేదు. అమ్మా, అయ్యా, మనల్ని తిరగమాత వాసనకి లేపేశారు కదా! మనమెలా రాస్తున్నాం ఆ మాట?

కార్యదర్శి గారూ, ఆ మాటున్న ప్రకటన మన గ్రూపులో ఉంచకూడదని ఈ సభ ముందు కోరుతున్నాను. రాసుకోండి. మా ఇంటి కింది గది జూన్‌లో ఖాళీ అవుతోంది. వంటగది వేరే ఉంది. చేపల పులుసు పెట్టుకోవచ్చు.