డెబ్బై నాలుగేళ్ళ వయసులో కాలేజీ పిల్లల బ్యాండ్‌కి ఒక మార్చ్

శ్రోతలందరికీ నమస్కారమండీ. మార్చ్ అంటే తెలుసుగా, పెరేడ్‌లో బ్యాండ్ వాయిస్తుంటే మన కాలు దానంతటదే లయకి పడుతుంది చూడండి, అదే. జాన్ ఫిలిప్ సూసా అని అమెరికాలో ఒకాయన ఉండేవాడు, మార్చ్ కింగ్ అనేవాళ్ళు, 130కి పైగా మార్చ్‌లు కట్టాడు. 1880 నుంచి 1892 దాకా వాషింగ్టన్‌లో మెరైన్ బ్యాండ్‌ని, అంటే అమెరికా మెరైన్ సైనికుల బ్యాండ్‌ని, నడిపి, తర్వాత సొంత బ్యాండ్ పెట్టుకుని ఊరూరా తిరిగాడు. అంతటాయన 1929లో, 74 ఏళ్ళప్పుడు, ఇలినాయ్ యూనివర్సిటీ కోసం ఒక మార్చ్ రాశాడండీ. పేరు కూడా అదే, యూనివర్సిటీ ఆఫ్ ఇలినాయ్ మార్చ్.

అక్కడ బ్యాండ్ డైరెక్టర్ ఆస్టిన్ హార్డింగ్, సూసాకి మంచి స్నేహితుడు. ఈయన అదే కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికొచ్చి బ్యాండ్‌తోనే ఉండిపోయిన మనిషి, ఆ మాట చదివినప్పుడల్లా నాకెంత సంతోషమో.

ఇక మార్చ్ లోపల ఏముంటుందంటే, ముందు చిన్న ఎత్తుగడ, తర్వాత రెండు వరసలు, ఒక్కోటి రెండేసి సార్లు, ఆ తర్వాత ట్రయో అని ఒక భాగం వస్తుంది, అక్కడ శ్రుతే మారిపోతుంది. మన లెక్కలో చెప్పాలంటే అప్పటిదాకా మధ్యమంగా, అంటే 'మ'గా, ఉన్న స్వరం షడ్జమం, అంటే 'స', అయిపోతుంది, మధ్యమ శ్రుతిలో పాడినట్టే అనుకోండి, ఎండలోంచి ఒక్కసారి చెట్టు నీడకొచ్చినట్టుంటుంది. సూసా తన బ్యాండ్‌తో వాయించేప్పుడు ట్రయో మొదటిసారికి ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఆపించేసి, క్లారినెట్లని మాత్రం కింది స్థాయిలో మెల్లగా వాయించమనేవాడు. ఇది అచ్చు వేసిన కాగితంలో ఉండేది కాదు, వాయించేవాళ్ళకి చెప్పేవాడు అంతే. చివరికి అందరూ ఒక్కసారి ఎత్తుకుంటే ఆ జోరే వేరు! ముందంత మెత్తగా వాయించారు కాబట్టే అది అంత పెద్దగా వినిపిస్తుందని నా నమ్మకం.

1932 మార్చి 6న రీడింగ్ అనే ఊళ్ళో బ్యాండ్ రిహార్సల్‌కని వెళ్ళి, అక్కడే కన్నుమూశాడాయన. దేశమంతా తిరిగిన ఆయన బ్యాండ్ నొటేషన్లు చాలామటుకు చేరింది ఎక్కడికనుకున్నారు, ఆ ఇలినాయ్ కాలేజీకే. ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ మార్చ్ వేస్తున్నాం, శ్రుతి ఎక్కడ మారిందో కాస్త చెవిపెట్టి వినండి.