ఆ నక్షత్రం నిజంగా అంత చిన్నదా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం చర్చ ఒంటరి న్యూట్రాన్ నక్షత్రాల మీద, అంటే భారీ నక్షత్రం పేలాక మిగిలే, న్యూట్రాన్లు కిక్కిరిసిన చిన్న గోళాల మీద. మనతో ఒక ఖగోళ పరిశోధకురాలు, ఒక ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నారు. మేడమ్, ముందు ఈ ‘ఒంటరి’ సంగతి చెప్పండి.

పరిశోధకురాలు: పక్కన జోడీ నక్షత్రం లేదని. జోడీ ఉంటే దాని పదార్థం వచ్చి మీద పడి నానా హడావిడి చేస్తుంది, ఆ వెలుగులో అసలు నక్షత్రం ఒళ్లు కనపడదు. ఒంటరిదైతే లోపలి వేడి మెల్లగా బయటికి రావడమే. ఉష్ణోగ్రత లక్షల డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి వెలుగు ఎక్కువగా ఎక్స్ కిరణాల్లోనే వస్తుంది. వాటిని మన వాతావరణం కిందికి రానివ్వదు. చూడాలంటే ఉపగ్రహం ఎగరేయాల్సిందే.

వ్యాఖ్యాత: అలా దొరికినవి?

పరిశోధకురాలు: 1990లో ఎగిరిన రోసాట్ అనే ఎక్స్ కిరణాల ఉపగ్రహం ఇలాంటివి ఏడు పట్టుకుంది. అందులో బాగా మెరిసేది ఆర్‌ఎక్స్ జె1856.5-3754. దక్షిణ కిరీటం అనే తారామండలంలో ఉంది. 1996లో బయటపడింది. మరుసటి ఏడాదే హబుల్ అదే చోట ఓ మసక నీలి చుక్కను చూపించింది.

లెక్చరర్: దాని దూరం కథ కూడా చెప్పాలి. మొదట 200 కాంతి సంవత్సరాలన్నారు, తర్వాత సరిచేసి 400 దాకా తీసుకెళ్లారు. దూరం రెట్టింపైతే లెక్కలో వ్యాసార్థం కూడా రెట్టింపే.

వ్యాఖ్యాత: ఏకంగా రెట్టింపా?

లెక్చరర్: అవునండీ. ఉష్ణోగ్రత వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూస్తే, తెలిసిపోతుంది, ఇక్కడికి చేరే వెలుగునూ కొలుస్తాం. అంత వేడి ఒంటి నుంచి అంత వెలుగు రావాలంటే ఒళ్లు ఎంతుండాలి? జవాబు దూరాన్ని బట్టే.

వ్యాఖ్యాత: మరి 2002లో క్వార్క్ నక్షత్రం దొరికిందన్నారు కదా!

లెక్చరర్: ఆ గోల ఈ నక్షత్రం మీదే. చంద్ర ఎక్స్ కిరణ దూరదర్శినితో దాదాపు 5 లక్షల సెకన్లు చూశారు. ఉష్ణోగ్రత సుమారు 7 లక్షల డిగ్రీలు. వర్ణపటం నున్నగా ఉంది, ఫలానా మూలకం ఉందని చెప్పే గీత ఒక్కటీ లేదు. వెలుగులో హెచ్చుతగ్గులూ కనపడలేదు. అంటే ఒళ్లంతా ఒకే వేడి అనుకుని లెక్కేస్తే వ్యాసార్థం 3.8 నుంచి 8.2 కిలోమీటర్లు వచ్చింది. మామూలు న్యూట్రాన్ నక్షత్రానికి పది, పన్నెండు ఉండాలి. ఇంకేముంది, న్యూట్రాన్లు చితికి, వాటి లోపలుండే క్వార్కులనే కణాలైపోయాయన్నారు. తొందరపడ్డారు.

పరిశోధకురాలు: అలా అనకండి సార్. వాళ్ల పత్రం శీర్షికలోనే ప్రశ్నార్థకం ఉంది.

లెక్చరర్: పేపర్లకెక్కేసరికి అది ఎగిరిపోయింది! (నవ్వులు)

పరిశోధకురాలు: సరే, అసలు చిక్కు హబుల్ చుక్కలో ఉంది. ఎక్స్ కిరణాల లెక్క ప్రకారం రావాల్సిన దానికంటే మామూలు కాంతి చాలా రెట్లు ఎక్కువ వస్తోంది. అంటే చల్లగా, ఇంకా వెడల్పుగా ఉన్న భాగం ఉండాలి. పొయ్యి మీద పెనం చూడండి, నడిమి భాగం మాడిపోతుంటుంది, అంచులు అంత వేడెక్కవు. ఎక్స్ కిరణాల్లో మనం చూసింది ఆ నడిమి భాగాన్నే.

వ్యాఖ్యాత: అలాగైతే నక్షత్రం తిరుగుతుంటే వెలుగు పెరిగి తగ్గాలిగా?

పరిశోధకురాలు: సరిగ్గా అదే 2007లో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం డేటాలో టియెంగో, మెరెగెట్టి అనే పరిశోధకులు పట్టుకున్నారు. తిరిగే కాలం 7.055 సెకన్లు. హెచ్చుతగ్గు 1 శాతం కంటే కాస్తే ఎక్కువ, ముందు కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒళ్లంతా ఒకే వేడి అన్న మాట అక్కడితో నిలవలేదు.

లెక్చరర్: అయినా ఆ నున్నటి వర్ణపటం ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయస్కాంత క్షేత్రం పది లక్షల కోట్ల గాస్ కంటే ఎక్కువ, దాని ఒత్తిడికి ఉపరితలం గడ్డకట్టి ఉండొచ్చంటారు. పైన పల్చటి హైడ్రోజన్ పొర ఉందని ఇంకొందరు. ఎటూ తేలలేదు.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఎక్స్ కిరణాల ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ దీన్ని చూడగలదా?

పరిశోధకురాలు: దాని ముఖ్య పరికరం పోలిక్స్ 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎక్స్ కిరణాల మీదే పనిచేస్తుంది. ఈ నక్షత్రం వెలుగు దాదాపు అంతా 1 కంటే కిందే. కాబట్టి కుదరదు. అది క్రాబ్ నెబ్యులా లాంటి, గట్టి అంటే ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్ కిరణాలిచ్చే వాటి కోసం.

లెక్చరర్: మెత్తటి, అంటే తక్కువ శక్తి ఉన్న ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని, అంటే వాటి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో కొలిచే పరికరం ఒకటి ఎగరాలి మేడమ్. అప్పుడుగానీ గడ్డకట్టిందో, పొర ఉందో తేలదు.