గెలుస్తారా అన్నది తర్వాత, ఎవరన్నది ముందు

శ్రోతలకు నమస్కారం.

పార్లమెంటు ఎన్నికలొస్తే చాలు, హన్మకొండ చౌరస్తాలోనైనా, ఎనుమాముల మార్కెట్ యార్డులోనైనా, కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గరైనా వినిపించేది ఒకటే మాట: "గాలి ఎటున్నదే? ఎవరు గెలుస్తరు?" నిలబడ్డ మనిషి ఎవరు, ఇంతకాలం ఏం చేశారు అని అడిగేవాళ్లు తక్కువ. మంచి అభ్యర్థి అని ఒప్పుకుంటూనే "గెలువనోనికి ఏస్తే ఓటు దండుగైతది" అని పక్కకు జరిగిపోయే వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మనిషిని తూచడం ఒకటి, గెలుపును అంచనా వేయడం ఇంకొకటి. మొదటిది తేలకముందే రెండోదానికి పోవద్దని నా మనవి.

మనిషిని తూచడానికి మన చేతిలో ఒక గట్టి కాగితం ఉంది. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ప్రమాణం చేసి ఇచ్చే ఫారం 26, అంటే తన కేసులు, ఆస్తుల వివరాలు చెప్పే అఫిడవిట్. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఓటరుకు దక్కిన హక్కు ఇది. ఏ గడీ ఖాళీగా వదలడానికి వీల్లేదని 2013లో అదే కోర్టు తేల్చింది. తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇన్ని ఉండి కూడా ఆ కాగితాన్ని చదివే ఓటర్లు ఎంతమంది?

అందులో అందరూ ముందు చూసేది కేసుల సంఖ్య. "ఆయన మీద పన్నెండు కేసులున్నయంట" అని ప్రచారం మొదలవుతుంది. మన తెలంగాణలో సంఖ్యను చూసి తీర్పు చెప్పడం చాలా అన్యాయం. ఉద్యమకాలంలో రైలు పట్టాల మీద కూర్చున్న వాళ్ల మీద రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద కేసులు పెట్టారు. రోడ్డు మీద బైఠాయిస్తే పాత శిక్షాస్మృతిలో 341, గుమిగూడితే 143, ఉత్తర్వు ధిక్కరిస్తే 188. ఇలాంటివి పది ఉన్నా ఆ మనిషి జనంలో తిరిగారని మాత్రమే అర్థం. అదే మోసానికి పెట్టే 420 ఒక్కటున్నా, స్త్రీ మీద దౌర్జన్యం కేసు ఒక్కటున్నా ఆగి ఆలోచించాలి. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చింది కాబట్టి అంకెలు మారాయి, మోసం ఇప్పుడు 318లోకి వెళ్లింది. కనుక ఎన్ని కేసులని కాదు, ఏ సెక్షన్ అని అడగండి. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదన్నది కూడా మరువద్దు. కోర్టు తేల్చిన శిక్ష ఉంటే అది వేరే గడిలో రాసి ఉంటుంది.

ఆస్తుల దగ్గరా ఇదే తొందరపాటు. ఐదేళ్లలో ఆస్తి మూడింతలైందని వార్త రాగానే తిన్నారని అనేస్తాం. హన్మకొండ చుట్టుపక్కల భూమి ధర ఎట్లా పెరిగిందో మనందరికీ తెలుసు. కొత్తగా గుంట భూమి కొనకపోయినా రూపాయల లెక్క పెరుగుతుంది. అందుకే పాత అఫిడవిట్‌ను, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టుకుని ఎకరాలు, ప్లాట్లు, సర్వే నంబర్లు పోల్చాలి. కొత్త సర్వే నంబరు కనిపిస్తే అది ఏ సంవత్సరంలో, ఎంతకు కొన్నారో అక్కడే ఉంటుంది. ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయమూ అందులోనే ఉంటుంది. ఆ ఆదాయంతో ఆ భూమి కొనగలరా లేదా అన్న లెక్క పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు. భార్య లేదా భర్త పేరు మీద ఉన్నవి, సర్కారుకు కట్టాల్సిన బకాయిలు, ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు కూడా వదలకుండా చూడండి.

కండువాల సంగతి అఫిడవిట్‌లో ఉండదు, మనమే గుర్తుపెట్టుకోవాలి. 2024లో వరంగల్‌లో గెలిచిన కడియం కావ్య గారికి మొదట టికెట్ ప్రకటించింది బీఆర్ఎస్, ఆమె గెలిచింది కాంగ్రెస్ నుంచి. రెండో స్థానంలో నిలిచిన బీజేపీ అభ్యర్థి ఆరూరి రమేశ్ గారు అంతకుముందు వర్ధన్నపేట బీఆర్ఎస్ ఎమ్మెల్యే. పార్టీ మారడమే తప్పని నేను అనను. కాజీపేట రైల్వే పరిశ్రమ మీద, మామునూరు విమానాశ్రయం మీద పాత కండువాతో ఏం మాట్లాడారు, కొత్త కండువాతో ఏం మాట్లాడుతున్నారు? అది పోల్చి చూడాలి. కోచ్ ఫ్యాక్టరీ విషయం పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టంలోనే రాసి ఉంది, కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేసింది 2023 జూలైలో. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్లలో లోక్‌సభలో ఎవరు ఎన్నిసార్లు లేచి అడిగారన్నది సభ వెబ్‌సైట్‌లో పేరుతో సహా దొరుకుతుంది. ఇదివరకు ఎంపీగా చేసినవాళ్లయితే మోరీలు, సీసీ రోడ్ల గురించి కాక ముందు దీని గురించి అడగండి.

ఇక గెలుపు లెక్క. వరంగల్ లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు: స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, పరకాల, వరంగల్ పశ్చిమ, తూర్పు, వర్ధన్నపేట, భూపాలపల్లి. 2009 నుంచి ఇది ఎస్సీలకు రిజర్వైన స్థానం. ఏడింట్లో ఎమ్మెల్యేలు ఎవరివాళ్లని కూడి ఫలితం చెప్పేవాళ్లు చాలామంది. ఆ కూడిక ఎంత అపాయమో నిజామాబాద్ చూపించింది. 2018 డిసెంబరులో అక్కడి ఏడు సెగ్మెంట్లూ టీఆర్ఎస్‌వే, అంటే తర్వాత బీఆర్ఎస్‌గా పేరు మారిన పార్టీవే. 2019 ఏప్రిల్‌లో పసుపు రైతులు పెద్ద ఎత్తున నామినేషన్లు వేయడంతో మొత్తం 185 మంది బరిలో నిలిచారు, అదే పార్టీ సిట్టింగ్ ఎంపీ కవిత గారు ఓడిపోయారు. కరీంనగర్‌లో బండి సంజయ్ గారు 2018లో అసెంబ్లీకి ఓడి, కొన్ని నెలల్లోనే ఎంపీ అయ్యారు. 2023లో మళ్లీ అసెంబ్లీకి ఓడి, 2024లో మళ్లీ ఎంపీగా గెలిచారు. అసెంబ్లీకి, పార్లమెంటుకు మన ఓటరు వేర్వేరుగా ఆలోచిస్తాడని దీనికన్నా రుజువేం కావాలి?

పెద్ద మెజారిటీ చూసి కూడా భరోసా పడొద్దు. 2015 ఉప ఎన్నికలో టీఆర్ఎస్‌కు ఇక్కడ నాలుగున్నర లక్షలు దాటిన మెజారిటీ, 2019లో మూడున్నర లక్షలు. 2024లో అదే పార్టీ మూడో స్థానం. ఇంకా వెనక్కి పోతే, 1984లో కేంద్ర హోంమంత్రిగా ఉన్న పీవీ నరసింహారావు గారు హన్మకొండలో చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడారు. దేశమంతటా బీజేపీ గెలిచిన రెండే రెండు స్థానాల్లో అది ఒకటి. ఆ ఎన్నికకు ముందు ఓటు దండుగైతదని అనుకున్నవాళ్లంతా ఇంట్లో కూర్చుని ఉంటే?

ఓడిన అభ్యర్థికి పడ్డ ఓటు కూడా ఎక్కడికీ పోదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్ తిరిగొస్తుంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అది 12,500 రూపాయలు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఫారం 20లో అచ్చవుతుంది. తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఎవరికివ్వాలని పార్టీలు తర్జనభర్జన పడేటప్పుడు ముందు పెట్టుకునేది ఆ లెక్కలనే.

అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో, యాప్‌లో ఉంటాయి. ఫోన్ వాడని పెద్దవాళ్ల కోసం రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద కూడా అతికిస్తారు. మీ వాడకట్టులో చదువుకునే పిల్లలుంటే ప్రధాన అభ్యర్థులవి తెచ్చి, సెక్షన్లూ సర్వే నంబర్లూ పైకి చదివి పదిమందికీ వినిపించమనండి. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన తర్వాత పోలింగ్ దాకా అందుకు సరిపడా రోజులుంటాయి.

నమస్కారం.