వచ్చిందాండీ మేడంగారూ?

(గుంటూరులో డిసెంబరు నెల పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, నన్ను పిలిచిన పాఠక మిత్రులకు, ముందు వరసలో కనపడుతున్న మా లైబ్రరీ పాత సభ్యులకు పేరుపేరునా నమస్కారాలు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ బాబులూ, కిటికీ పక్కన నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. కాసేపు పడుతుంది.

నాకు ఇచ్చిన విషయం ‘వచ్చే నెల రాబోయే కొత్త పుస్తకాలు’. లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం పక్కన బోర్డు చూసే ఉంటారు. నాకు తెలిసినంతవరకు పుస్తకం పేరు, రాసినవారి పేరు సుద్దముక్కతో రాసిపెట్టాను. వాటినే మళ్లీ ఇక్కడ చదివి మీ టైం తీసుకోను. వెళ్లేటప్పుడు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ బోర్డు మీద మూడో గడి ఖాళీగా ఉంది. అది తేదీ గడి. అదెందుకు ఖాళీగా ఉందో చెప్పడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

తెలుగులో ఒక్కో రకం పుస్తకానికి ఒక్కో కాలం ఉంది. పంచాంగం ఉగాదికి ముందే మన ఇంటికి వస్తుంది. గైడ్లు జూన్‌లో బడులు తెరిచేసరికి షాపుల్లో దొంతరలుగా ఉంటాయి. కథ, కవిత్వం, నవల మాత్రం జనవరి కోసం చూస్తాయి. ఎందుకంటే కొత్త సంవత్సరం రాగానే విజయవాడలో పుస్తకాల పండగ. 1989లో మొదలైంది అది. మధ్యలో ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ జరిగినా, ‘జనవరి 1 నుంచి 11’ అనే మాట మనలో పాతుకుపోయింది. ఎక్కువ కాలం స్వరాజ్ మైదానంలో జరిగింది. మనందరికీ అది పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం ఉంది, పండగ వేరే చోటికి మారింది.

పంచాంగం ఆలస్యం కాదు. ఉగాది దాటాక తెస్తే ఎవరూ కొనరని వేసేవాళ్లకు తెలుసు. జూన్ దాటాక గైడు తెస్తే అంతే. సంక్రాంతి సినిమా తేదీ టీ బంకు దగ్గర కుర్రాడు కూడా చెబుతాడు. నవల ఆలస్యమైతే? ఏదమ్మా, ఇంకా రాలేదే అని అడిగేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేకపోవడమే నా బాధ అంతా.

సరే, ముందు పుస్తకాల సంగతి. ఈసారి కూడా బోర్డు మీద ఎక్కువ కథల సంపుటాలే. వాటిలో చాలా వరకు రచయితలు సొంత డబ్బు పెట్టుకుని వేసుకుంటున్నవి. మొదటి పుస్తకం వేస్తున్నవాళ్లు ఉన్నారు. దయచేసి వాళ్ల దగ్గర ఆగండి. స్టాల్లో ఆ రచయితే కూర్చుని ఉంటారు. పుస్తకం తిరగేసి పెట్టేసినా ఫర్వాలేదు, ఒక కథ పేరు అడిగి వెళ్లండి. కవిత్వం పలచటి పుస్తకాలు, 300 కాపీలు వేస్తే గొప్ప. అవి కావాలనుకున్నవాళ్లు మొదటి రోజే అడగాలి.

అనువాదాల వరస చూస్తే నాకు సంతోషంగా ఉంది. కన్నడం నుంచి, మలయాళం నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. మధ్యలో ఇంగ్లీషు మెట్టు లేకుండా వచ్చిన అనువాదానికి మన నుడి తొందరగా పడుతుంది. ఒక్క విన్నపం. అట్ట మీద అనువాదకుల పేరు లేకపోతే స్టాల్లో వాళ్లని అడగండి, ఎవరు చేశారండీ అని. పది మంది అడిగితే వచ్చే ముద్రణలో పేరు అట్ట మీదకి వస్తుంది.

పాత రచయితల సంపుటాలు కూడా జనవరిలోనే చూసుకోవాలి. దానికి పండగ ఒక్కటే కారణం కాదు. మన దేశంలో రచయిత కన్నుమూసిన ఏడాది వదిలేసి, ఆ పై ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు వారసులవి. ఆ తర్వాత వచ్చే జనవరి 1 నుంచి ఎవరైనా అచ్చేసుకోవచ్చు. నవలా రచయిత త్రిపురనేని గోపీచంద్ 1962లో పోయారు. 2023 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. ఇలా ఏటా జనవరి 1న కొందరు రచయితలు మనందరి ఆస్తి అవుతారు. కాకపోతే అప్పటి నుంచి ఒకే నవలని నలుగురు వేస్తారు. నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ చదివి చూడండి. ఒత్తులు ఎగిరిపోయినది, పేరాలు మింగేసినది అక్కడే తెలిసిపోతుంది. పది రూపాయలు ఎక్కువైనా ప్రూఫులు సరిగ్గా దిద్దినదే కొనండి.

పోటీ పరీక్షల పుస్తకాల గురించి చిన్నచూపు వద్దు. మా లైబ్రరీలో పొద్దున ఎనిమిదికి తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లంతా ఆ పిల్లలే. వాళ్ల పుస్తకాలు నోటిఫికేషన్ని బట్టి వస్తాయి. వాటికి బోర్డు అక్కర్లేదు.

ఇక చిన్నపిల్లల పుస్తకాలు. ఇవి నాలుగే దొరికాయి నాకు. రంగుల అచ్చుకి ఖర్చెక్కువ, కాబట్టి ధర ఎక్కువ, కాబట్టి అమ్మానాన్నలు కొనరు, కాబట్టి వెయ్యరు...

ఈ బోర్డు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేకపోతున్నాను. క్షమించండి, పిల్లల పుస్తకాల దగ్గరకి మళ్లీ వస్తాను.

నేను ఈ ఊళ్లో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేశాను. పత్రికల్లో ‘అందిన పుస్తకాలు’ అని ఒక శీర్షిక ఉండేది. అచ్చయి అందినవాటి పేర్లు వేసేవాళ్లు. ‘అందబోయే పుస్తకాలు’ అని ఎవరూ వేసేవాళ్లు కాదు. విజయవాడ వెళ్లినప్పుడల్లా ఏలూరు రోడ్డులో షాపులవాళ్లని, ప్రెస్సువాళ్లని అడిగి రాసుకొచ్చి నేనే బోర్డు మీద రాసేదాన్ని. ప్రతి నెలా 25వ తేదీన పాతవి తుడిచి కొత్తవి రాయడం. పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, కావాల్సినవాళ్లు పేరు రాయండి అనేదాన్ని.

మిర్చి యార్డులో కాటా గుమస్తా ఒకాయన మా సభ్యుడు. సాయంత్రం ఏడింటికి సైకిల్ మీద వచ్చేవారు. ముందు పంపు దగ్గర మోచేతుల దాకా కడుక్కునేవారు, పొద్దుటి నుంచి మిరపకాయ టిక్కీల, అంటే బస్తాల, మధ్య ఉన్న చేతులు కదా. అయినా ఆయన తిరిగిచ్చిన పుస్తకం తెరిస్తే ఘాటు తగిలేది. తర్వాత తీసుకున్నవాళ్లు తుమ్మేవాళ్లు. మా దగ్గర ఒక నవల మొదటి భాగం ఉండేది. ఆ రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకమే. చివరి పేజీలో ఒక పిల్ల రాత్రిపూట కృష్ణ దాటడానికి పడవ ఎక్కుతుంది. అక్కడితో ఆపేశారు. దాని డేట్ స్లిప్ మీద, అంటే ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో రాసే చీటీ మీద, గుమస్తాగారి సభ్యత్వ నంబరు మూడుసార్లు ఉంది.

2001 డిసెంబరులో నా బోర్డు మీద రాశాను, రెండో భాగం, జనవరి అని. రాసిన రోజునే ఆయన నోటుబుక్కులో మొదటి పేరు రాశారు. ఆయన తర్వాత ఇంకా పదమూడు మంది. జనవరి మొదటి నుంచి రోజూ సాయంత్రం అదే మాట. “వచ్చిందాండీ మేడంగారూ?” రాలేదండీ అంటే, “సంక్రాంతి దాటిందంటే కొత్త కాయ దిగుతుందండీ. ఇంక రాత్రి పదింటిదాకా యార్డులోనే. ఆ పిల్ల ఒడ్డు చేరిందో లేదో ఈలోపే తెలియాలి” అనేవారు. ఒక మనిషి నవల కోసం పంటకాలాన్ని లెక్కపెట్టుకుంటున్నాడు. ఇలాంటి పాఠకుడు ఉన్నాడని రాసినాయనకి తెలుసా? అచ్చేసినవాళ్లకి తెలుసా?

మాకు పుస్తకాలు కట్టలుగా వచ్చేవి. పైన ఎవరో ఎంపిక చేసేవాళ్లు, ఎప్పుడో ఆర్డరు పెట్టేవాళ్లు. కట్ట విప్పేదాకా అందులో ఏముందో మాకు తెలియదు. ఆ పద్నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసి పై ఆఫీసుకి పంపాను. జవాబు రాలేదు. జనవరి 11 శుక్రవారం, లైబ్రరీకి సెలవు. బస్సెక్కి విజయవాడ వెళ్లాను. పండగ ఆఖరి రోజు. స్టాల్ వెతుక్కుని అడిగితే, 500 వేశామండీ, సగం లైబ్రరీలకని కట్టి పెట్టాం, అమ్మకానికి తెచ్చినవి నిన్నటితో అయిపోయాయి అన్నారు. మళ్లీ వేస్తారా అంటే, చూడాలండీ అన్నారు. మళ్లీ వెయ్యలేదు.

శనివారం సాయంత్రం ఆయన వచ్చి నా ముఖం చూసి ఏమీ అడగలేదు. మొదటి భాగమే నాలుగోసారి తీసుకెళ్లారు. రెండేళ్ల తర్వాత మానేశారు. ఎక్కడో కూతురి ఊరు వెళ్లారని యార్డువాళ్లు చెప్పారు.

మూడేళ్ల కిందట విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపు ముందు నిలబడి ఉంటే ఆ రెండో భాగం కనపడింది. నలభై రూపాయలు. ఇదిగో, తెచ్చాను. అందరికీ కనపడుతోందా? లోపల వేరే జిల్లాలోని ఒక లైబ్రరీ ముద్ర ఉంది. ఏ లైబ్రరీ అన్నది చెప్పను, వాళ్ల తప్పు కాదు. రిజిస్టరులో ఎక్కించిన తేదీ 2003. వెనక డేట్ స్లిప్ చూడండి. ఒక్క తేదీ కూడా పడలేదు. ఎవరూ అడగని చోట ఈ పుస్తకం ఏళ్ల తరబడి బీరువాలో ఉండి, రద్దయి, తూకానికి వెళ్లి, ఫుట్‌పాత్ మీదకి వచ్చింది. పద్నాలుగు మంది సంతకాలు పెట్టిన చోటికి మాత్రం రాలేదు.

ఆ రాత్రి నిద్రపోలేదు నేను.

ఇందులో దొంగలు ఎవరూ లేరు. రచయిత అప్పు చేసి వేశాడు. ప్రెస్సువాడు డిసెంబరు రాత్రుళ్లు మేలుకుని అచ్చేశాడు. కొన్నవాళ్లు కొన్నారు. ఎవరికి కావాలో ముందుగా అడిగినవాళ్లు లేరు, అంతే. పుస్తకం వేసేవాడు 300 వెయ్యాలా 500 వెయ్యాలా అని తేల్చుకునేది సరిగ్గా ఈ డిసెంబరులోనే. మనం నోరు విప్పేది ఫిబ్రవరిలో, ‘దొరకడం లేదండీ’ అని.

ముందుగా అడగడం మనకి కొత్తేమీ కాదు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమాల శాశ్వత చందాదారుల్ని చేర్చుకుని చరిత్ర, శాస్త్రం, నవల ఒకే వరసలో అందించింది. ఫోను లేదు, కొరియర్ లేదు. ఉత్తరం ముక్క మీద నడిపారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరి గ్రంథాలయాల వాళ్లని పిలిచి మహాసభ పెట్టారు. ప్రభుత్వం ఇస్తుందని కూర్చోలేదు వాళ్లు, ఊళ్లో చందా వేసుకుని పుస్తకం తెచ్చుకున్నారు.

మనం ఇప్పటికీ చందా కడుతున్నాం, తెలుసా మీకు? మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మీ డబ్బు. మీ పేటలో లైబ్రరీకి వెళ్లి, ఫలానా పుస్తకం వచ్చే నెల వస్తోంది, మాకు కావాలి అని కాగితం మీద రాసివ్వండి. రాసివ్వకపోతే ఆ లైబ్రేరియన్ ఏం పెట్టి పోట్లాడుతుంది? నా చేతిలో పద్నాలుగు పేర్లున్నాయి. నూట నలభై ఉంటే వాళ్లు జవాబివ్వక తప్పేది కాదని నేను ఈరోజుకీ అనుకుంటాను.

చట్టం ఒకటుంది, 1954 నాటిది. పుస్తకం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో ఉన్న నాలుగు పెద్ద గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. మంచి చట్టమే. పుస్తకం ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటుంది. ఆ నాలుగింటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. మన యార్డు గుమస్తా కోసం ఒక కాపీ పంపమని ఏ చట్టమూ చెప్పదు. అది మనమే చెప్పాలి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ముగించేస్తాను. పిల్లల పుస్తకాల దగ్గరకి వస్తానన్నాను కదా. ఆ నాలుగు పుస్తకాలూ వేస్తున్నవాళ్లతో నేనే మాట్లాడాను. కనీసం వంద మంది ముందే చెబితే ధర తగ్గించి వేస్తామన్నారు ఒకరు. ఈ హాల్లో అరవై మందిమి ఉన్నాం. ఇంట్లో మనవలు లేనివాళ్లు పక్కింటి పిల్లల పేరు మీద రాయండి.

బోర్డు కింద స్టూలు మీద నోటుబుక్కు ఉంది. పెన్నుకి దారం కట్టాను, పట్టుకెళ్లకండి. పుస్తకం పేరు, మీ పేరు, ఎన్ని కాపీలో రాయండి. డబ్బు ఇప్పుడు ఇవ్వక్కర్లేదు. ఎల్లుండి ఆ పేజీలు తీసుకుని విజయవాడ వెళ్లి ఒక్కొక్కరికీ చూపిస్తాను. వాళ్లు తేదీ చెబితే ఆ మూడో గడిలో రాస్తాను. చెప్పినదాకా అది ఖాళీగానే ఉంటుంది. 2001లో ఒకసారి ‘జనవరి’ అని రాసి ఒక మనిషిని రోజూ మెట్లెక్కించాను. మళ్లీ అలా రాయను.

ఇంకొక్క మాట. యార్డులో పనిచేసినవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ సభలో ఎవరైనా ఉన్నారా? ఆ గుమస్తాగారు పొడుగు మనిషి, ఎడమ చెయ్యి వాటం, లాలాపేట వైపు నుంచి వచ్చేవారు. ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి. ఎక్కడున్నారో తెలిస్తే సభ అయ్యాక నాకు చెప్పండి. ఈ పుస్తకం నేను చదివాను, ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. మీకు చెప్పను. ఆయన అడిగి ఇరవై ఏళ్లు దాటింది, ముందు ఆయన చదవాలి.