మనసు వెళ్ళిపోయిందని తెలిసే క్షణం

శ్రోతలకు నమస్కారం. ధ్యానంలో కూర్చున్నప్పుడు మన మెదడులో ఏం జరుగుతుందో ఈ రోజు చెప్పుకుందాం.

నేను మాట్లాడడం మొదలుపెట్టిన కాసేపటికే మీలో కొందరి మనసు ఎటో వెళ్ళిపోతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో కొట్టు తెరుస్తూ వింటున్నవారికి రావలసిన బాకీ గుర్తుకొస్తుంది. మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర ఉన్నవారికి కరెంటు పోతే ఎలాగన్న బెంగ మొదలవుతుంది. ఇది అందరికీ ఉన్నదే. 2010లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 2,250 మందిని ఫోను ద్వారా అనుకోని వేళల్లో పలకరించి, చేస్తున్న పని మీదే మనసు ఉందా అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు లేదనే జవాబు వచ్చింది.

మనిషి ఊరికే కూర్చున్నంత మాత్రాన మెదడు ఊరికే ఉండదు. మనకు పని లేనప్పుడే చురుగ్గా ఉండే భాగాలు కొన్ని ఉన్నాయని 2001లో అమెరికా నాడీ శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం వివరించింది. ఆ భాగాల కూటమిని డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటారు. నా సంగతి, నిన్నటి సంగతి, రేపటి సంగతి అంటూ లోపల సాగే ఆలోచనలకు, ఈ కూటమికి దగ్గరి సంబంధం ఉంది.

మెదడులో భాగాలు కలిసి పనిచేస్తున్నాయని ఎలా తెలుస్తుంది? కనిగిరి రిజర్వాయరు ఆయకట్టులో దూరదూరంగా ఉన్న రెండు మళ్ళలో నీరు ఒకేసారి పెరిగి, ఒకేసారి తగ్గుతోందనుకోండి. ఆ రెంటికీ నీరు ఒక కాలువ నుంచే వస్తోందని రైతు ఊహిస్తాడు. మెదడు స్కానింగులో పరిశోధకులు చూసేదీ అలాంటిదే. రెండు భాగాల్లో రక్త ప్రవాహానికి సంబంధించిన సంకేతాలు ఒకే తీరున హెచ్చుతగ్గులవుతుంటే, వాటి మధ్య అనుసంధానం ఉందంటారు.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం చెబుతాను. 2012లో వెలువడింది. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో వెండీ హాసెన్‌క్యాంప్, ఆమె సహచరులు చేశారు. ధ్యానం అలవాటున్న 14 మందిని ఒక్కొక్కరినీ ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టారు. ఆ యంత్రం ఎంత రొద చేస్తుందో, లోపల ఎంత ఇరుకో స్కానింగు చేయించుకున్నవారికి తెలుసు. అందులో ఇరవై నిమిషాలు శ్వాసను గమనిస్తూ ఉండాలి. చేతిలో ఒక బటన్ ఉంటుంది. మనసు వేరే ఆలోచనలోకి వెళ్ళిపోయిందని తెలియగానే ఆ బటన్ నొక్కాలి. నొక్కి, మళ్ళీ శ్వాస దగ్గరికి రావాలి. అంతే.

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! మనసు ఎప్పుడు తప్పిపోయిందో బయటివారికి తెలియదు. తప్పిపోయిన మనిషికీ ఆ క్షణాన తెలియదు. తెలిసిన క్షణం మాత్రం ఒకటుంది. ఆ క్షణాన్ని వేలితో పట్టుకున్నారు.

బటన్ నొక్కడానికి కాస్త ముందు, అంటే మనసు తిరుగుతున్నప్పుడు, డిఫాల్ట్ మోడ్ భాగాలు చురుగ్గా ఉన్నాయి. ‘అరె, వెళ్ళిపోయాను’ అని తెలిసిన క్షణంలో, ముఖ్యమైన దాన్ని పసిగట్టే మరో కూటమి మేల్కొంది. ఆ తర్వాత, మనసును తిరిగి తెచ్చి నిలిపేటప్పుడు, నుదుటి వెనక ఉండి ధ్యాసను నడిపే భాగాలు పనిలోకి దిగాయి. తిరగడం, తెలియడం, తిరిగి రావడం, నిలవడం. మళ్ళీ తిరగడం. ధ్యానంలో కూర్చున్న మనిషి మెదడులో ఈ చక్రమే నడుస్తోంది.

అదే బృందం చేసిన మరో విశ్లేషణలో, ధ్యానంలో ఎక్కువ అనుభవం ఉన్నవారికి, ధ్యానం చేయకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా ధ్యాసకు సంబంధించిన భాగాల మధ్య అనుసంధానం ఎక్కువగా కనిపించింది.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే ఒక తమ్ముడు నాకు తెలుసు. గుంట నీటికి గాలి అందించే ఏరియేటర్ల చప్పుడు ఆగితే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. “ధ్యానం నాకు పట్టదు సార్” అన్నాడు ఒకసారి. “కళ్ళు మూసుకుంటే మేత బాకీ, కిలోకు ఎన్ని రొయ్యలన్న కౌంటు, రేటు, ఇవే తిరుగుతాయి. ఎన్నిసార్లు మళ్ళించినా అక్కడికే పోతుంది.” ఎన్నిసార్లు మళ్ళించినా అన్నాడు కదా, ఆ మళ్ళించడమే ధ్యానం. అతను చేస్తున్నాడు. చేస్తున్నానని అతనికి ఎవరూ చెప్పలేదు.

కొత్తవారికి కూడా ఫలితం ఉంటుందా? 2016లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్రెస్వెల్ బృందం ప్రచురించిన అధ్యయనం ఉంది. ఉద్యోగం కోసం వెతుకుతూ ఒత్తిడిలో ఉన్న 35 మందిని తీసుకున్నారు. కొందరికి మూడు రోజులు ధ్యాన శిక్షణ, మిగిలినవారికి అదే మూడు రోజులు విశ్రాంతి శిక్షణ ఇచ్చారు. ధ్యానం నేర్చినవారిలో డిఫాల్ట్ మోడ్ కూటమిలోని ఒక ముఖ్య భాగానికి, నుదుటి వెనక ధ్యాసను నడిపే ప్రీఫ్రాంటల్ భాగానికి మధ్య అనుసంధానం పెరిగింది. విశ్రాంతి బృందంలో అలా పెరగలేదు. పని దొరకని మనుషుల మీద చేసిన పరిశోధన కాబట్టి నాకు దీని మీద ప్రత్యేకమైన అభిమానం.

అయితే ఇవి కొద్దిమందితో చేసిన ప్రయోగాలు. ఎనిమిది వారాల శిక్షణతో మెదడు ఆకారమే మారిపోతుందని ప్రచారం చేసేవారిని నమ్మకండి. 2022లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకంటే ఎక్కువమందిని పరీక్షించి, అలాంటి నిర్మాణపరమైన మార్పు కనబడలేదని తేల్చారు. భాగాలు కలిసి పనిచేసే తీరు మారడం వేరు, మెదడు ఆకారం మారడం వేరు.

మీరు చేయవలసింది చిన్న పని. కుర్చీలోనో, మంచం అంచునో, గుంట గట్టు మీదనో కూర్చోండి. పది నిమిషాలు చాలు. ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడం గమనించండి. మనసు వెళ్ళిపోతుంది. వెళ్ళిందని తెలిసిన వెంటనే, విసుక్కోకుండా తీసుకురండి. మళ్ళీ వెళుతుంది, మళ్ళీ తీసుకురండి. ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కపెట్టి బాధపడకండి. వెళ్ళిందని తెలిసిన ప్రతిసారీ మీ చేతిలోనూ ఆ బటన్ ఉందనుకోండి.

తీవ్రమైన కుంగుబాటుకో, మరో మానసిక సమస్యకో మందులు వాడుతున్నవారు ధ్యానం మొదలుపెట్టామని వాటిని ఆపవద్దు. ముందు మీ వైద్యుడితో మాట్లాడండి. కూర్చున్నప్పుడు భయం, ఆందోళన పెరుగుతుంటే అక్కడితో ఆపి, ఆ సంగతి కూడా ఆయనకు చెప్పండి.

నమస్కారం.