వాగు ఎన్నడూ ఇంట్లకు రాలే

అందరికీ నమస్కారం. హన్మకొండలో తర్కం మీద మాట్లాడితే ఇంతమంది వస్తారని అనుకోలేదు. ఇన్నేండ్లలో ఎన్నడూ రాలేదు మరి. చూశారా, ఇంతవరకూ జరగనిది ఇకముందూ జరగదనుకోవడమే ఇవాళ్టి చిక్కు, మొదటి మాటలోనే అందులో పడ్డాను.

బీఎడ్ చదివినవాళ్లకు ఆగమన పద్ధతి గుర్తుండే ఉంటుంది, కనీసం బిట్ పేపర్ దాకా. ఉదాహరణలు చూసి సూత్రం చెప్పడం. నాలుగు త్రిభుజాలు కొలిచి, అన్నింటికీ మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే అంటాం. కొలవనివాటి గురించి చెప్పే హక్కు ఎక్కడిదని ఏ బిట్టూ అడగదు. త్రిభుజానికైతే పై తరగతిలో రుజువు దొరుకుతుంది. వానకు దొరకదు.

2023 జులై ఆఖర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వాతావరణ శాఖ లెక్కలో 204.5 దాటితేనే అత్యంత భారీ వర్షం. అంతకుముందు మన తెలంగాణ రికార్డు 2013లో వాజేడులో పడ్డ 517.5. ఆ 2023 వానకే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం మిద్దెలెక్కారు.

మన పల్లెల్లో పెద్దమనిషి ఎవరినడిగినా ‘నా ఎరుకల వాగు ఇంట్లకు రాలే’ అంటాడు. అది అబద్ధం కాదు. కానీ అందులో తెలిసేది వాగు సంగతి కాదు, ఆయన వయసు. 517.5 కూడా అంతే. మబ్బుకు ఎవరో గీసిన గీత కాదది, మనం కొలిచిన నాటినుంచి చూసినంత.

‘రేపు సూర్యుడు ఉదయించడు’ అనడంలో తార్కికంగా ఏ వైరుధ్యమూ లేదని 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాశాడు. ఇన్నాళ్లూ ఉదయించాడు కదా అంటారా? జరిగినట్టే జరగబోతుందని ముందే ఒప్పుకుంటేనే ఆ మాట నిలబడుతుంది. దానికి సాక్ష్యం? ఇంతవరకూ అట్లనే జరిగింది! షావుకారు బాకీ తీర్చడానికి ఆ షావుకారు దగ్గరే మళ్లీ చేయి చాచినట్టుంది.

సైన్సు ఊరికే లెక్కపెట్టదు, కారణం చెప్తుంది కదా సార్ అంటారు. నిజమే. అల్పపీడనం, తేమ, గాలి లెక్కలు కట్టబట్టే మునుపెన్నడూ పడనంత వాన గురించి కూడా మాట్లాడగలుగుతున్నాం. అయినా కారణాలూ జారుతాయి. యురేనస్ నడకలో తేడా చూసి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెవెర్యే, దాన్ని లాగుతున్న మరో గ్రహం ఎక్కడుండాలో లెక్క వేస్తే, 1846లో నెప్ట్యూన్ ఆ లెక్క చెప్పిన చోటికి దగ్గర్లోనే దొరికింది. అదే మనిషి అదే పద్ధతిలో బుధుడి నడకలో తేడాకు వల్కన్ అనే గ్రహం కారణమన్నాడు. అది లేనే లేదు. ఆ తేడా తేలడానికి 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సూత్రాన్నే మార్చాల్సి వచ్చింది.

ఈ తగవు మన దగ్గర ఇంకా పాతది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందంటున్నారు, అన్ని కాలాల పొగలూ చూశారా అని, కంటికి కనిపించిందే నమ్మే చార్వాకులు నిలదీశారు. మిథిలకు చెందిన తార్కికుడు గంగేశుడు ఆ అనుమానపు మనిషినే ఎదురు పట్టుకున్నాడు: పొగ కావాలంటే మరి నిప్పే ఎందుకు రాజేస్తున్నావు, ఆకలైతే అన్నమే ఎందుకు తింటున్నావు? నాకు ఈ జవాబంటే ఇష్టం. హ్యూమ్‌కు మాత్రం ఇది చాలదు. ఆయనా అన్నమే తిన్నాడు, కానీ అట్ల నమ్మడాన్ని రుజువు అనలేదు, అలవాటన్నాడు, అంతే.

మనది గట్టి రాతినేల, ఇక్కడ భూకంపం భయం లేదని నేనూ క్లాసులో చెప్పేవాణ్ణి. 2024 డిసెంబర్ 4 పొద్దున 7.27కు ములుగు వైపు 5.3 తీవ్రతతో భూమి కదిలింది. మంచం దిగి గేటు దాకా ఉరికాను. మళ్లీ లోపలికి పోవాలంటే ఎంతసేపు ఆగాలో ఏ సూత్రమూ తోచలేదు. పక్కింటాయన ఐదు నిమిషాలు చూసి, చాయ్ చల్లారుతుందని లోపలికి నడిచాడు. ఆయన వెనకే నేనూ.